కంప్యూటర్ మొరాయిస్తే మొదటి ప్రశ్న: ఎక్కడ ఆగింది?

కంప్యూటర్ మొరాయించిందని ఎవరితో అన్నా ముందుగా వచ్చే సలహా "ఫార్మాట్ చేసేయండి" అనే. సలహా తప్పని తోసిపుచ్చలేం, చాలాసార్లు అది పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో ఆలోచిస్తేనే అందులోని లొసుగు తెలుస్తుంది. ఫార్మాట్ చేసి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కిస్తే డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు), సర్వీసులు (వెనకాల నడిచే ప్రోగ్రాములు), సెట్టింగులు, పాత ప్రోగ్రాములు అన్నీ ఒక్క దెబ్బతో మారిపోతాయి. వాటిలో ఏదో ఒకటి దోషి. అది ఏదన్నది మాత్రం ఇక తెలిసే దారి లేదు. వారం తిరక్కుండానే అదే డ్రైవర్‌ను, అదే ప్రోగ్రామును మళ్లీ ఎక్కిస్తాం, జబ్బు మళ్లీ మొదలవుతుంది. ఇక దోషం ర్యామ్‌లోనో డిస్క్‌లోనో ఉంటే ఫార్మాట్ వల్ల ఒక పూట వృథా కావడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మరమ్మతులో చేయి తిరిగినవారికి వందల చిట్కాలు కంఠతా వచ్చని అనుకుంటాం. నిజానికి వారు చిట్కాల జోలికి వెళ్లేముందు దోషం ఏ అంచెలో ఉందో తేల్చుకుంటారు. అంచె తెలిస్తే మందు వెతకడం పెద్ద పని కాదు. తెలియకుండా ఇంటర్నెట్‌లో దొరికిన పది పరిష్కారాలనూ వరుసగా ప్రయోగిస్తే మొదట ఉన్న ఒక సమస్య మూడవుతుంది.

పవర్ బటన్ నుంచి డెస్క్‌టాప్ దాకా

బటన్ నొక్కింది మొదలు డెస్క్‌టాప్ కనిపించేదాకా యంత్రం మీది అధికారం రిలే పందెంలో కర్రలా చేతులు మారుతూ పోతుంది. ఎవరి చేతిలో ఉండగా పడిపోయిందో చూస్తే మిగిలినవారిని అనుమానించనక్కర్లేదు.

మొదట మేల్కొనేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రాము, ఫర్మ్‌వేర్. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్ దీని పాత రూపం, ఇప్పటి యంత్రాల్లో ఆ స్థానం యూఈఎఫ్ఐది. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ సరిగా పలుకుతున్నాయో లేదో అది చూసుకుంటుంది. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర మీద తయారీదారు గుర్తు కూడా రాకపోతే విండోస్‌ను తిట్టుకోవడం అన్యాయం, అది ఇంకా రంగంలోకే దిగలేదు. మానిటర్ కేబుల్ చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రంలో కేబుల్‌ను పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు తగిలించి తలపట్టుకునేవారు తక్కువేమీ కాదు. తర్వాత ప్లగ్ తీసేసి, ర్యామ్ స్టిక్‌లను ఊడదీసి మళ్లీ బిగించాలి. రెండుంటే ఒక్కొక్కదాన్నే పెట్టి చూడాలి.

ఈ అంచెలోనే ఒక చిన్న దొంగ ఉంది: మదర్‌బోర్డు మీది 3 వోల్టుల నాణెం బ్యాటరీ. అది అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ పాత ఏళ్లకు వెళ్లిపోతుంది. అప్పుడు బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునూ సురక్షితం కాదంటుంది, ఎందుకంటే సైట్ల సర్టిఫికెట్ల కాలపరిమితిని కంప్యూటర్ గడియారంతోనే పోల్చుకుంటుంది. చూసేవారికి ఇది ఇంటర్నెట్ సమస్యలా కనిపిస్తుంది. కొన్ని యంత్రాల్లో బ్యాటరీ తీసినప్పుడు డిస్క్ కంట్రోలర్ సెట్టింగు కూడా మొదటికి వస్తుంది. అది ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనే రెండు పద్ధతుల్లో ఒకదాని నుంచి మరోదానికి మారితే విండోస్‌కు తన డిస్కే అందకుండా పోయి 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అనే నీలి తెర వస్తుంది. సెట్టింగును పాత స్థితికి తెస్తే సరిపోయే ఈ దోషానికి ఎన్ని విండోస్‌లు బలైపోయాయో లెక్కలేదు.

ఫర్మ్‌వేర్ తర్వాతి అంచె, ఆపరేటింగ్ సిస్టమ్‌ను డిస్క్ నుంచి లేపే బూట్ లోడర్. పాత పద్ధతిలో డిస్క్ మొదటి సెక్టారులోని 512 బైట్లలోనే బూట్ కోడ్, పార్టిషన్ (డిస్క్ భాగాల) పట్టిక ఇరుక్కుని ఉండేవి. సెక్టారు సంఖ్యకు 32 బిట్లే కేటాయించడం వల్ల ఆ పట్టిక మామూలుగా 2 టెరాబైట్లకు మించి చూడలేదు. తర్వాత వచ్చిన జీపీటీ అనే కొత్త పట్టిక పద్ధతి ఆ హద్దును చెరిపేసింది, పట్టిక నకలును డిస్క్ చివర కూడా దాస్తుంది. బూట్ చేయడానికి డిస్క్ లేదన్న సందేశం వస్తే ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా తగిలించి మరిచిపోయామేమో చూడాలి. ఆపైన ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందా అని చూడాలి. కనిపించకపోతే అనుమానం డిస్క్ మీద, కేబుల్ మీద. కనిపిస్తుంటే బూట్ వరుస తారుమారై ఉండాలి, లేదా లోడర్ ఫైళ్లు చెడి ఉండాలి. ఈ రెండూ ఫార్మాట్ అడిగే దోషాలు కావు.

కర్నెల్, డ్రైవర్లు: అసలు గండం ఇక్కడే

లోడర్ చేతి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కర్నెల్‌కు, దానితోపాటు డ్రైవర్లకు అధికారం వెళ్లే చోట ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్ పనిచేసేది కర్నెల్‌తో సమానమైన అధికారంతో కాబట్టి అది తప్పు చేస్తే యంత్రమంతా ఆగుతుంది. 

2024 జులై 19న ప్రపంచం దీన్ని కళ్లారా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలులో లోపం ఉంది. దాన్ని చదివిన డ్రైవర్ కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. విమాన సర్వీసులు, ఆసుపత్రులు, బ్యాంకులు అల్లాడాయి. సంస్థ లోపాన్ని గుర్తించి ఆ ఫైలును కొద్దిసేపట్లోనే సరిచేసింది. అయినా ఆగిన యంత్రాలు లేవలేదు. సరైన ఫైలును తెచ్చుకోవాలంటే నెట్‌వర్క్ రావాలి, నెట్‌వర్క్ వచ్చేలోపే డ్రైవర్ యంత్రాన్ని కూలదోస్తోంది. కొన్ని యంత్రాలు పదేపదే రీస్టార్ట్ చేయగా ఆ పందెంలో గెలిచి లేచాయి. మిగిలినవాటికి మందు చాలా చిన్నది: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తొలగించడం.

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన కొద్ది డ్రైవర్లతోనే లేస్తుంది. మామూలుగా లేవని యంత్రం సేఫ్ మోడ్‌లో నిక్షేపంగా లేచిందంటే కర్నెల్, డిస్క్ దాదాపు బాగున్నట్టే. తప్పు తర్వాత చేర్చిన డ్రైవర్‌దో సర్వీసుదో అయి ఉంటుంది. ఇటీవల ఎక్కించినదాన్ని అక్కడి నుంచే తీసేయవచ్చు. చిక్కల్లా అందులోకి ఎలా వెళ్లాలన్నదే. ఎఫ్8 నొక్కే పాత అలవాటు విండోస్ 8 నుంచి మామూలుగా పనిచేయదు. సైన్‌ఇన్ తెర దాకా వస్తుంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకోవాలి. అక్కడిదాకా కూడా రాకపోతే, వరుసగా రెండు మూడుసార్లు బూట్ విఫలమైనప్పుడు విండోస్ తానే రికవరీ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాటి వెళ్లి 4 నొక్కాలి. ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లో పవర్ బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకుంటే స్టార్టప్ ఆప్షన్లు వస్తాయి, అక్కడ డిస్క్‌ను ఎంచుకుని షిఫ్ట్ నొక్కితే సేఫ్ మోడ్ దారి కనిపిస్తుంది. లినక్స్‌లో గ్రబ్ అనే బూట్ లోడర్ మెనూలో పాత కర్నెల్‌ను ఎంచుకోవడమే ఎక్కువసార్లు గట్టెక్కిస్తుంది. అందుకే స్థలం కలిసొస్తుందని పాత కర్నెళ్లన్నిటినీ తుడిచేయకూడదు, ఒక్కటైనా మిగలాలి.

ఆ జులైలో నిర్వాహకులను ఎక్కువగా ఏడిపించింది విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్. డిస్క్ ఇలా ఎన్‌క్రిప్ట్ అయి (సంకేత లిపిలోకి మారి) ఉంటే రికవరీ తెర నుంచి ఫైళ్లను ముట్టుకోవడానికి 48 అంకెల కీ కావాలి. ఎన్‌క్రిప్షన్ పెద్ద సంస్థలకే పరిమితమని అనుకోవద్దు. ఇప్పటి విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా మొదలుపెడితే చాలా యంత్రాల్లో ఎన్‌క్రిప్షన్ అడగకుండానే మొదలవుతుంది, కీ ఆ ఖాతాలో దాగుతుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా బిట్‌లాకర్ ఆ కీని అడగవచ్చు. ఖాతాలోకి వెళ్లి కీ నిజంగా ఉందో లేదో ఈ రోజే చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోవడం మేలు. అదే కంప్యూటర్‌లో దాచుకుంటే తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్టు.

లినక్స్‌లో ఈ దశలో తరచుగా ఎదురయ్యే ఇంకో చిక్కు ఉంది. పాత డిస్క్‌ను తీసేస్తాం, డిస్క్‌ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో దాని వరుస మిగిలిపోతుంది. లేని డిస్క్ కోసం సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రాము) మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. చూడటానికి యంత్రం చచ్చిపోయినట్టే ఉంటుంది. తీయదగిన డిస్క్‌ల వరుసలో 'నోఫెయిల్' అనే మాట చేరిస్తే ఈ బెడద ఉండదు.

డెస్క్‌టాప్ దాకా వచ్చి అక్కడ తిప్పలు పెడుతుంటే రంగం మారినట్టు. స్టార్ట్ మెనూ తెరుచుకోదు, ఏదో ప్రోగ్రాము మూతపడిపోతూ ఉంటుంది. ఇలాంటప్పుడు కొత్త యూజర్ ఖాతా ఒకటి తయారుచేసి అందులోకి వెళ్లి చూడాలి. అక్కడ అంతా బాగుంటే వ్యవస్థకు జబ్బు లేదు, పాత ఖాతా ప్రొఫైల్ చెడిందంతే. ఐదు నిమిషాలు పట్టే ఈ పరీక్షను చేసేవారు ఇంత తక్కువ ఎందుకన్నది నాకు ఎప్పటికీ అంతుపట్టదు. ఇలాగే పెన్‌డ్రైవ్ మీది లినక్స్‌తో యంత్రాన్ని లేపి ఒక గంట పని చేయించి చూడవచ్చు. అక్కడ కూడా హఠాత్తుగా ఆగిపోతుంటే తప్పు చాలావరకు హార్డ్‌వేర్‌దే.

తప్పు ఏదో బయటి సర్వీసుదని తేలి, అది ఏదో తెలియకపోతే విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల పనిముట్టు తెరిచి, మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచేసి, మిగిలినవాటిలో సగం ఆపాలి. సమస్య పోతే దోషి ఆపిన సగంలో ఉంది, పోకపోతే నడుస్తున్న సగంలో. మళ్లీ ఆ సగంలో సగం. 64 సర్వీసులున్నా ఆరు రీస్టార్ట్‌లలో దోషి దొరుకుతుంది.

షట్‌డౌన్ చేస్తే ఆగినట్టేనా?

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాను, అయినా రీస్టార్ట్ చేయమంటారేమిటి?" అని అడిగేవారికి టాస్క్ మేనేజర్ సమాధానం చెబుతుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ కింద ఉండే అప్‌టైమ్‌ను చూడమనండి. నిన్న రాత్రే ఆపిన యంత్రం పదిహేను రోజులుగా నడుస్తున్నట్టు చూపించవచ్చు.

కారణం విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి, కర్నెల్ మాత్రం తన స్థితిని డిస్క్‌లో రాసుకుని నిద్రపోతుంది. మర్నాడు కొత్తగా మొదలవదు, ఆ రాసుకున్నదాన్నే మళ్లీ ఎత్తుకుంటుంది. కాబట్టి నిన్న తిక్కగా ఉన్న డ్రైవర్ ఈ రోజూ అదే తిక్కతో లేస్తుంది. రీస్టార్ట్‌లో ఈ కిటుకు లేదు, కర్నెల్ మొదటి నుంచీ లేస్తుంది. ఒకే డిస్క్ మీద విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవారికి ఇది ఇంకా ఇబ్బంది: విండోస్ పార్టిషన్ సగం నిద్రలో ఉంటుంది కాబట్టి లినక్స్ దానిలో రాయడానికి మొండికేస్తుంది. దాని జాగ్రత్త సరైనదే, బలవంతంగా రాయిస్తే ఫైళ్లు చెడతాయి. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయవచ్చు. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రంలో దానివల్ల కలిసొచ్చేది కొద్ది సెకన్లే కాబట్టి ఆపేయమనే నా సలహా.

నెమ్మదించిందంటే ఏది నెమ్మదించింది?

నెమ్మది అన్నది ఒకే జబ్బు కాదు. ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, నెట్‌వర్క్ అనే నాలుగింటిలో ఏదో ఒకటి నిండిపోతే మిగిలిన మూడూ దానికోసం కాచుకుని కూర్చుంటాయి. సరిగ్గా నెమ్మదించిన సమయంలో టాస్క్ మేనేజర్‌లో ఆ నాలుగు గీతలనూ చూడాలి. ప్రాసెసర్ వాడకం పదిశాతం, డిస్క్ నూరుశాతం ఉంటే కొత్త ప్రాసెసర్ కొనడం డబ్బు దండగ. పాత తిరిగే డిస్క్ మీద విండోస్ 10, 11 నడుస్తుంటే దాదాపు ఎప్పుడూ కనిపించే దృశ్యం ఇదే, దానికి ఎస్ఎస్‌డీని మించిన మందు లేదు.

ర్యామ్ విషయంలో అపోహ ఎక్కువ. ఖాళీ ర్యామ్ తక్కువ కనిపించగానే కంగారుపడి 'క్లీనర్' ప్రోగ్రాములు ఎక్కిస్తారు. వాడకంలో లేని ర్యామ్‌ను విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఇటీవల చదివిన ఫైళ్ల నకళ్లతో నింపుకుంటాయి. ఏ ప్రోగ్రామైనా అడిగిన వెంటనే ఖాళీ చేసి ఇచ్చేస్తాయి. క్లీనర్ చేసేది ఆ నకళ్లను పారబోసి, అదే ఫైలును మళ్లీ డిస్క్ నుంచి చదివించడం. అంటే వేగం కోసం డబ్బిచ్చి నెమ్మదిని కొనుక్కోవడం. లినక్స్‌లో 'ఫ్రీ' అన్న అంకెను వదిలేసి 'అవైలబుల్' అన్నదాన్ని చూడాలి.

డిస్క్ నిండిన సందర్భంలో విండోస్ ఫోల్డరులోని విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ భారీగా కనబడి చేతులు దురద పెడతాయి. దాన్ని చేత్తో తుడవకూడదు. అందులోని చాలా ఫైళ్లు మరోచోట ఉన్నవాటికే రెండో పేర్లు, కాబట్టి చూపించేంత స్థలం అది నిజంగా తినడం లేదు. డిస్క్ క్లీనప్ ద్వారా తగ్గించుకోవచ్చు. లినక్స్‌లో పెద్ద లాగ్ ఫైలును తొలగించినా స్థలం తిరిగి రాకపోతే ఏదో ప్రోగ్రాము దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉందని అర్థం, ఆ ప్రోగ్రామును ఆపితేనే స్థలం విడుదలవుతుంది.

నెట్ రాకపోతే కంప్యూటర్ ఐపీ చిరునామా చూడండి. 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా అందలేదు, కేబుల్, వైఫై, రూటర్ వైపు చూడాలి. చిరునామా సరిగానే ఉండి, అంకెల చిరునామాలకు పింగ్ (స్పందన పరీక్ష) వెళ్తూ పేర్లకు వెళ్లకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ దోషం.

లాగ్ చదవడం

విండోస్ లాగ్‌ను (జరిగినవాటి చిట్టాను) చూపే ఈవెంట్ వ్యూయర్‌ను మొదటిసారి తెరిచినవారు బెదిరిపోవడం ఖాయం. శుభ్రంగా నడుస్తున్న యంత్రంలో కూడా ఎర్ర గుర్తులు వరుసలు కట్టి ఉంటాయి. టెక్ సపోర్ట్ పేరుతో ఫోన్లు చేసే మోసగాళ్లు ఆ ఎర్ర గుర్తులనే చూపించి డబ్బు గుంజుతారు. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 అనే హెచ్చరిక దాదాపు ప్రతి యంత్రంలో ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. కాబట్టి లాగ్‌ను మొదటి నుంచి చదవకుండా, సమస్య వచ్చిన సమయం రాసుకుని దానికి రెండు నిమిషాలు అటూ ఇటూ మాత్రమే చూడాలి.

కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయితే లాగ్‌లో రెండు ఈవెంట్ సంఖ్యలు పనికొస్తాయి. 1074 ఉంటే ఎవరో అడిగి రీస్టార్ట్ చేయించారు, ఏ ప్రోగ్రాము అడిగిందో కూడా అక్కడే రాసి ఉంటుంది. 41 ఉంటే సరిగా మూతపడకుండానే యంత్రం ఆగింది. 41ని చూసి పవర్ సప్లై మార్చేయడం తొందరపాటు. కరెంటు పోయినా, వేడెక్కి ఆగినా, బిగుసుకుపోతే మనమే బటన్ నొక్కి ఆపినా అదే సంఖ్య పడుతుంది. ఈవెంట్ వ్యూయర్ కంటే నాకు నచ్చేది అంతగా ఎవరూ తెరవని రిలయబిలిటీ మానిటర్. అప్‌డేట్లు, కొత్త ప్రోగ్రాములు, కుప్పకూలిన సంఘటనలు మూడింటినీ రోజులవారీగా ఒకే తెర మీద పేరుస్తుంది. మంగళవారం డ్రైవర్ ఎక్కింది, బుధవారం నుంచి నిలకడ గీత పడిపోయింది అని కంటికే తెలిసిపోతుంది. లినక్స్‌లో జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో గత బూట్ నాటి లాగ్‌ను విడిగా చూడవచ్చు, ఆగిపోయిన యంత్రం చివరి మాటలు అందులో ఉంటాయి.

విండోస్ సొంత ఫైళ్లు చెడ్డాయన్న అనుమానం ఉంటే వాటిని సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఆదేశం నడపమని అందరూ చెబుతారు. ఎస్ఎఫ్‌సీ మంచి నకళ్లను తెచ్చుకునే నిల్వే చెడి ఉంటే అది ఏమీ చేయలేదు. ఆ నిల్వను బాగుచేసేది డీఐఎస్ఎం అనే మరో ఆదేశం. అందుకే ముందు డీఐఎస్ఎం రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాతే ఎస్ఎఫ్‌సీ.

డిస్క్ చనిపోతున్నట్టు అనిపిస్తే ఈ వరుసంతా పక్కన పెట్టాలి. ఫైళ్లు తెరవడానికి నిమిషాలు పట్టడం, టకటక శబ్దం, డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో రీఅలోకేటెడ్, పెండింగ్ (చెడిన, అనుమానం ఉన్న) సెక్టార్ల సంఖ్య పెరుగుతూ పోవడం దాని గుర్తులు. సీఆర్‌సీ (డేటా బదిలీ) లోపాలు మాత్రమే పెరుగుతుంటే డిస్క్ కంటే కేబుల్‌నే ముందు అనుమానించాలి. ఇలా చనిపోతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్ అనే తనిఖీ ప్రోగ్రాము నడపడం చాలామంది చేసే పని, చేయకూడని పని కూడా. అది డిస్క్ అంతా తడుముతుంది, చివరి ఓపికను అక్కడే ఖర్చుపెట్టిస్తుంది. ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోవాలి, మరమ్మతు సంగతి ఆ తర్వాత. క్లౌడ్ సింక్ ఉందిలే అనే భరోసా సగమే నిజం, ఇక్కడ తొలగిన ఫైలు అక్కడా తొలగిపోతుంది.

ఫార్మాట్ చేయాల్సిన రోజు

హానికర ప్రోగ్రాము అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిచిందని తేలితే ఫార్మాటే సరైన పని. అప్పుడు యంత్రంలోని ఏ పనిముట్టు చెప్పేదాన్నీ నమ్మలేం, వైరస్ పోయిందని చెప్పే ప్రోగ్రామును కూడా. దోషం వెతకడానికి పట్టే కాలం మళ్లీ ఎక్కించడానికి పట్టే కాలాన్ని మించిపోతున్నప్పుడు కూడా మొండికి పోనక్కర్లేదు, హార్డ్‌వేర్ బాగుందని పెన్‌డ్రైవ్ లినక్స్‌తో నిర్ధారించుకున్నాక మాత్రమే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగించింది కాబట్టి మళ్లీ అదే ఎక్కించే ముందు ఒకసారి ఆలోచించాలి.

మొదలుపెట్టే ముందు డాక్యుమెంట్లతోపాటు బ్రౌజర్ బుక్‌మార్కులు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు, ప్రోగ్రాముల లైసెన్స్ వివరాలు తీసుకున్నారో లేదో చూడండి. ఎక్కిన ప్రోగ్రాముల జాబితాను ఫోనుతో ఫొటో తీసినా చాలు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను విడిగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. విండోస్ 11 మొదలయ్యేటప్పుడే నెట్ అడుగుతుంది, డ్రైవర్ లేకపోతే నెట్ రాదు, నెట్ లేకపోతే డ్రైవర్ దిగదు.